ప్రాడోలో రేడియో ఎక్కడ బిగించాలో తేల్చిపెట్టిన అందరికీ థాంక్స్

మొత్తానికి మా టొయోటా ప్రాడో బండిలో యూహెచ్‌ఎఫ్ రేడియో, అదే బండి నుంచి బండికి మాట్లాడుకునే రేడియో, ఎక్కేసిందండి! ఇక్కడ పెడితే ఎలా ఉంటుంది అక్కడ పెడితే ఎలా ఉంటుంది అని ఫోటోల మీద ఫోటోలు పెట్టి మీ అందరి బుర్రలు తినేశా, అయినా ఒక్కరు కూడా విసుక్కోలేదు. పేర్లు రాయను, ఊళ్ళ పేర్లతోనే పిలుస్తా, ఎవరు ఎవరో మీకు తెలుస్తుంది.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకుని కొండల్లోకి పోయేవాళ్ళకి ఈ రేడియో లేకపోతే కుదరదు. 477 మెగాహెర్ట్జ్ దగ్గర 80 ఛానెళ్ళు, 5 వాట్లు, మనిషి మనిషికీ విడిగా లైసెన్సు అక్కర్లేదు, కొనుక్కుని బిగించుకుని మాట్లాడుకోవడమే. లారీల వాళ్ళు 40లో ఉంటారు, క్యారవాన్ల వాళ్ళు 18లో, మనలాంటి బళ్ళు 10లో. 5, 35 మాత్రం ప్రాణం మీదకొస్తేనే ముట్టుకోవాలి. విక్టోరియా హై కంట్రీలో వోనంగట్టా లోయలోకి దిగితే ఫోను ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే, ఆ ఇరుకు దారిలో మలుపు అవతల ఎదురు బండి వస్తోందని తెలిసేది దీంట్లోనే.

సరే అసలు సంగతి. బల్లారట్ అన్నా, మీకు ముందు దండం. స్టీరింగ్ కింద చోటు ఖాళీగా ఉంది కదా అని ఫోటో పెడితే పది నిమిషాల్లో ఫోన్ చేసి, నీ బండికి డ్రైవర్ మోకాళ్ళ దగ్గర కూడా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, అది పేలితే ఆ ఇనప డబ్బా నేరుగా నీ కాళ్ళ మీదకే వస్తుంది అన్నారు. అప్పుడు మాన్యువల్ తీసి చూస్తే నిజమే, బొమ్మతో సహా ఉంది. చోటు ఎక్కడుందో వెతకడం కాదు, ముందు ఎయిర్‌బ్యాగులు ఎక్కడెక్కడున్నాయో చూసుకుని ఆ చోట్లు లిస్టులోంచి కొట్టేస్తే మిగిలిందే నీ చోటు అని మీరన్న మాటతోనే సగం పని అయిపోయింది.

సిడ్నీ అక్క వాళ్ళ బండిలో రేడియో పైన అద్దం దగ్గర ఉంటుంది, చూడ్డానికి విమానం కాక్‌పిట్‌లా భలే ఉంటుంది, నాకూ మనసు లాగింది. కానీ అక్కే వద్దంది. కేబుల్ కిందికి దించాలంటే ముందు అద్దం పక్కనుండే స్తంభం లోపల్నుంచి రావాలి, అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, తీగ దాని వెనకనుంచే పోవాలి తప్ప దాని మీదుగా అడ్డంగా పోకూడదు, ఆ పని తెలిసినవాడితో చేయించుకోగలిగితేనే పైన పెట్టుకో లేకపోతే మర్చిపో అంది. తన బండి గురించి తనే అంత నిక్కచ్చిగా చెప్పే మనుషులు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఇక సీటు కింద. చాలామంది ఇదే చెప్పారు, కనపడదు, దొంగల బాధ లేదు. టార్నీట్ తమ్ముడు మాత్రం, అన్నా వాగు దాటినప్పుడు నీళ్ళు లోపలికొస్తే మొదట తడిసేది ఆ కార్పెట్టే, పైగా సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు పట్టాల్లో తీగ నలిగిపోతుంది, అక్కడ పసుపు రంగు ప్లగ్గులు కనపడితే అవి ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు తాలూకువి వాటి జోలికి పోవద్దు అన్నాడు. అందరూ అవునంటున్నప్పుడు కాదని చెప్పడానికి కూడా కొంచెం ధైర్యం ఉండాలి తమ్ముడూ, ఉంది నీకు.

చివరికి పెట్టింది ఎక్కడంటే, రేడియో డబ్బా గ్లవ్ బాక్స్ వెనకాల ఉన్న ఇనప పట్టీకి చిన్న ఎల్ బ్రాకెట్ వేసి, వేడి పోవడానికి చుట్టూ కాస్త ఖాళీ వదిలి. స్క్రీను, బటన్లు, స్పీకరు అన్నీ మైకులోనే ఉండే రకం తీసుకున్నా కాబట్టి డబ్బా కనపడాల్సిన పనే లేదు. మైకు క్లిప్పు మాత్రం గేరు పక్కన కన్సోల్ అంచుకి, ప్యాసింజర్ వైపు.

ఆ క్లిప్పు చోటు తేల్చింది మా వీధి చివర ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ తాతగారు, రిటైరైపోయారు కానీ చేతులు ఊరుకోవు. ఆయన తెలుగు చదవలేరు గానీ రాయకుండా ఉండలేను. డ్రిల్లు తీయనివ్వలేదు ఆయన. అట్టపెట్టె కత్తిరించి మైకు సైజులో ముక్క చేసి, మాస్కింగ్ టేపుతో అతికించి, అసలు బరువుకి తగ్గట్టు లోపల రెండు నట్లు వేసి, వారం తిరిగి రా అన్నారు. తిరిగితే తెలిసింది, నాకు అందే చోట మా ఆవిడకి అందట్లేదు, తను సీటు బాగా ముందుకి వేసుకుంటుంది, చెయ్యి వెనక్కి తిప్పాల్సి వస్తోంది. గేరు పార్కులోకి తోస్తే మణికట్టు అట్టకి తగులుతోంది. అలా జరుపుతూ జరుపుతూ, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా ఇద్దరికీ చేతికి తగిలే చోట పెన్సిల్‌తో గీత గీసి, అప్పుడు రెండే రెండు చిన్న స్క్రూలు. గ్లవ్ బాక్స్ పూర్తిగా తెరుచుకుంటోందా లేదా అని కూడా ఆయనే చూశారు, అది నాకు తట్టనే లేదు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు, మా ఆవిడ పులిహోర పంపితే డబ్బా ఖాళీ చేసి కడిగి మరీ ఇచ్చారు.

కరెంటు సంగతి టార్నీట్ తమ్ముడిదే. ఎరుపు, నలుపు రెండూ నేరుగా బ్యాటరీకి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో, ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడలో (ఫైర్‌వాల్) ఉండే రబ్బరు గ్రోమెట్ గుండా లోపలికి, మధ్యలో రిలే పెట్టి కీ తీస్తే ఆగిపోయేలా. యాంటెన్నా బండి ముందుండే ఇనప గార్డు (బుల్‌బార్) మీద ఎడమ పక్క, మన కంటికి అడ్డం రాకుండా. పొడుగుది చదునైన రోడ్లకి, కొండల్లో లోయల్లో పొట్టిదే మేలు అని బల్లారట్ అన్న రెండూ మార్చుకునే రకం ఇప్పించారు. మీటరు పెట్టి చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్, అంటే యాంటెన్నా రేడియోకి ఎంత బాగా కుదిరిందో చెప్పే లెక్క, 1.5 లోపే ఉంది.

వొంబాట్ ఫారెస్ట్‌లో చిన్న రౌండు వేశాం, మా ఆవిడే డ్రైవింగ్. మట్టిరోడ్డు గతుకుల్లో కూడా మైకు క్లిప్పులోంచి జారలేదు. ఒక్కటే, కిటికీలు దించితే మైకులో స్పీకరు సరిగ్గా వినపడట్లేదు, విడి స్పీకరు ఒకటి పెట్టాలేమో, దాని చోటు కోసం మళ్ళీ మీ బుర్రలు తింటా, రెడీగా ఉండండి. అన్నట్టు స్టీరింగ్ కింద బిగించే కొత్త బ్రాకెట్ ఒకటి మిగిలిపోయింది, మోకాలి ఎయిర్‌బ్యాగ్ లేని పాత బండి ఎవరికైనా ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తా.