యుద్ధం చేసిన మనిషికి నెలకు వెయ్యి

సంపాదకులకు నమస్కారం.

మా పెదనాన్న పోయిన నెల చనిపోయారు. 78 ఏళ్లు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దులో పోరాడిన సిపాయి, ఆ తర్వాత రిటైరయ్యేదాకా జూట్ మిల్లు కార్మికుడు. ఊళ్లో కుర్రాళ్లు అభిమానంతో ఫ్లెక్సీలు కట్టారు, నాయకులు వచ్చి దండలు వేసి ఫొటోలు దిగారు. ఎవరినీ తప్పుపట్టను గానీ, ఆ ఫ్లెక్సీలకైన ఖర్చు ఆయన నెల పింఛను కంటే ఎక్కువే. ఆ పింఛను 1000 రూపాయలు.

1966లో మద్రాస్ రెజిమెంటులో చేరారు, ట్రైనింగు వెల్లింగ్టన్‌లో. యుద్ధమయ్యాక తాతయ్య మంచాన పడితే, ఇంటికి పెద్దకొడుకు కాబట్టి 1974లో తనే అడిగి డిశ్చార్జి తీసుకుని వచ్చేశారు. జవానుకి 15 ఏళ్ల సర్వీసు నిండితేనే పింఛను. ఈయనకి ఎనిమిదే. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ పెట్టెలో ఉన్నాయి, పింఛను లేదు. ఆ రూలు తెలిసే వచ్చారు, దాని గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు.

మిల్లులో చాలాకాలం బదిలీ కూలీ. అంటే తెల్లారకముందే గేటు దగ్గర నిలబడాలి, ఎవరైనా రాకపోతే పని, అందరూ వస్తే తిరిగి ఇంటికి. తర్వాత స్పిన్నింగులో పర్మినెంటు అయ్యారు, నార దుమ్ముకి పట్టుకున్న దగ్గు చివరిదాకా వదల్లేదు. 2005లో రిటైరయ్యారు. ఈపీఎస్-95 అనే ఉద్యోగుల పింఛను స్కీములో జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. జీతమే చిన్నది, స్కీము మొదలైందే 1995 నవంబరులో, దాని కింద ఈయనకి దక్కింది పదేళ్లు. పాత సర్వీసుకి ఏదో కొంచెం కలిపినా వెయ్యి లోపే వచ్చేది. 2014 సెప్టెంబరులో కేంద్రం కనీస పింఛను 1000 చేస్తే అంతకు పెరిగింది, అక్కడే ఆగిపోయింది. డీఏ లేదు. 2013లోనే పార్లమెంటు వేసిన కోషియారీ కమిటీ కనీసం 3000 ఇవ్వాలని చెప్పింది, ఆ మాట ఎవరికీ గుర్తులేదు. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 నుంచి 4000, ఇవ్వాల్సిందే, మంచి పని. కానీ ఎవరి దగ్గరా పైసా కట్టించుకోకుండా రాష్ట్రం 4000 ఇస్తుంటే, మిల్లు నుంచి నెలనెలా జీతంలో 8.33 శాతం జమ చేయించుకున్న కేంద్రం వెయ్యి దగ్గర ఎలా ఆగింది?

ఆ వెయ్యి కోసం కూడా ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నార పట్టీ పట్టీ అరిగిపోయిన వేళ్లు, మెషీన్ మీద ముద్ర పడేది కాదు. తుడిచి పెట్టు, మళ్లీ పెట్టు, రేపు రా.

నేను అసలు రాయాలనుకున్నది వేరే. పింఛను రాని మాజీ సైనికులకి, 65 దాటి, హవల్దార్ ర్యాంకు వరకు ఉన్నవాళ్లయితే, మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. అది 4000 ఉండేది, 2025 నవంబరు నుంచి 8000 చేశారు. ఇలాంటిది ఒకటి ఉందని మా పెదనాన్నకి 77 ఏళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు, నాకూ పేపర్లో చూశాకే తెలిసింది. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళితే డిశ్చార్జి బుక్కు అడిగారు. అది హుద్‌హుద్ తుఫానులో ఇల్లు కురిసి తడిసి ముద్దయిపోయింది. నకలు కోసం రికార్డ్స్ ఆఫీసుకి రాసుకోమన్నారు. రాశాం. ఈలోగా, మిల్లు సర్వీసుకి వచ్చే ఆ వెయ్యిని కూడా పింఛను కింద లెక్కేసి కాదంటారా అని అడిగితే ఒకరు ఇస్తారన్నారు, ఒకరు రాదన్నారు, కాగితం మీద రాసివ్వమంటే ఎవరూ రాయలేదు. ఆ టెన్షన్‌లోనే ఆయన పోయారు.

ఇలాంటి వాళ్లు మా ఉత్తరాంధ్రలో ఊరూరా ఉన్నారు. కుర్రతనంలో పట్టాళానికి వెళ్లి మధ్యలో వచ్చేసి, మిల్లుల్లోనో రేవులోనో కూలికి చేరినవాళ్లు. జిల్లా సైనిక సంక్షేమ అధికారులు తమ దగ్గరికి వచ్చినవాళ్లనే కాకుండా ఊళ్లలో ఉన్నవాళ్లని వెతకాలి. గ్రామ సచివాలయం సిబ్బందికి ఒక్క వారం చాలు, ఇల్లిల్లూ తిరిగి పింఛను లేని మాజీ జవాన్లు, వాళ్ల భార్యల పేర్లు రాసుకోవడానికి. ఈపీఎస్ వెయ్యి వస్తున్నవాళ్లకి ఈ సాయం ఉందో లేదో ఒక సర్క్యులర్లో స్పష్టంగా చెప్పాలి. లేదంటే ఎందుకు లేదో కూడా చెప్పాలి.

మిల్లు పింఛనులో భార్యకి సగం అంటారు గానీ కనీసం వెయ్యి కాబట్టి మా పెద్దమ్మకి ఇకమీదట ఆ వెయ్యే వస్తుంది. సైనిక్ బోర్డు సాయం చనిపోయిన మాజీ సైనికుల భార్యలకి కూడా ఉంది, ఆవిడ పేరుతో మళ్లీ దరఖాస్తు పెడుతున్నాం. డిశ్చార్జి బుక్కు నకలు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఉత్తరాంధ్ర