ఆ రాత్రి నన్ను ‘ఎస్’ నొక్కనివ్వని అన్నయ్యకి కృతజ్ఞతలు

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కానీ థాంక్స్ మాత్రం నలుగురి ముందే చెప్పాలనిపించింది. మెసేజ్‌లో చెప్తే "దానిదేముంది తమ్ముడూ" అని తీసిపారేస్తారు మీరు.

అద్దెకు తీసుకున్న ఒక చిన్న సర్వర్‌లో నేను కొన్ని యాప్‌లు సొంతంగా నడుపుకుంటున్నాను. పాస్‌వర్డ్‌లకు వాల్ట్‌వార్డెన్, ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్, ఇంట్లోవాళ్ల ఫోటోలకు ఇంకో యాప్. అన్నీ డాకర్ మీదే, అంటే ఒక్కో యాప్‌ను కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్ మీద. ఈమధ్య ఆ పనంతా, చెప్తే చాలు కమాండ్లు తనే నడిపే ఒక ఏఐ ఏజెంట్‌కు అప్పజెప్పాను. సర్వర్‌లో ఏదైనా చేయగలిగే రూట్ తాళం కూడా దాని చేతికే ఇచ్చాను. మొదట్లో బ్రహ్మాండంగా ఉండేది. "ఈ యాప్ పెట్టు" అంటే చాలు, యాప్ ఎలా నడవాలో చెప్పే కంపోజ్ ఫైలు రాసేది, డొమైన్ కలిపేది, కనెక్షన్ భద్రంగా ఉండేందుకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తెచ్చేది. నేను పక్కన కూర్చుని మురిసిపోయేవాణ్ణి.

ఆ రోజు "అన్నీ అప్‌డేట్ చేసెయ్" అన్నాను. ఆ మాట నాదే, ఏజెంట్‌ను అని లాభం లేదు. ఫోటోల యాప్ వెనకున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను అది వెర్షన్ 14 నుంచి 16కు మార్చింది. 14 రాసిపెట్టిన డేటా ఫైళ్లను 16 నేరుగా తెరవలేదు. ఇక కంటైనర్ లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. ఏజెంట్ లాగ్ చదివింది, రీస్టార్ట్ చేసింది, ఇమేజ్ మళ్లీ దించింది, మళ్లీ లాగ్ చదివింది. చివరికి ఒక కమాండ్ చూపించి అనుమతి అడిగింది. డాకర్ కంపోజ్ డౌన్, చివర్లో మైనస్ వీ. దాని కింద ఒకే ముక్క: "పాడైన వాల్యూమ్‌ను తీసేసి కొత్తగా మొదలుపెడతాను, కొనసాగించనా?"

ఆ చివరి అక్షరం ఏం చేస్తుందో అప్పటికి నాకు తెలీదు. అర్ధరాత్రి దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి, వేలు ఎస్ మీదే ఉంది. ఎందుకో ఆ స్క్రీన్ ఫోటో తీసి మీకు పంపాను. సర్వర్‌లో యాప్‌లు నడపడానికి మీరు రాసిన టూల్ గురించి వారం ముందు ఏదో చిన్న సందేహం అడిగాను, అంతే మన పరిచయం.

నిమిషంలో జవాబొచ్చింది. "ఏదీ నొక్కకు. ఏజెంట్‌ను ఆపు. బ్యాకప్ ఉందా?"

ఉందన్నాను, కాస్త గర్వంగానే. రోజూ తెల్లవారుజామున డేటాబేస్ డంప్ తీసే, అంటే దాన్ని మొత్తం ఒక ఫైల్లోకి దించే స్క్రిప్ట్ పెట్టుకున్నాను మరి.

"సైజు చూడు."

చూశాను. రోజుకొక ఫైలు, పేర్లలో తేదీలు, వరుసగా ముచ్చటగా ఉన్నాయి. అన్నీ సున్నా బైట్లు. కంటైనర్ పేరు ఎప్పుడో మారిపోయింది. డంప్ కమాండ్ రోజూ ఫెయిలవుతోంది, ఖాళీ ఫైలు మాత్రం రోజూ పుడుతోంది. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

మైనస్ వీ అంటే యాప్‌ల డేటా దాచే వాల్యూమ్‌లు కూడా తుడిచెయ్యమని అర్థమట. ఫోటోలు విడిగా ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, అవి పోయేవి కావు. కానీ ఆల్బమ్‌లు, ముఖాలకు పెట్టిన పేర్లు, స్కాన్ చేసిన పాత ఫోటోలకు మా అక్క ఒక్కొక్కటిగా సరిదిద్దిన తేదీలు, అన్నీ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి. అక్కకు ఏమని చెప్పేవాణ్ణో!

మీరు చేయించింది చూస్తే పది నిమిషాల పని. అన్నీ ఆపించారు. వాల్యూమ్‌ను ఉన్నదున్నట్టు ఒక టార్ ఫైలుగా కాపీ తీయించారు. ఆ తర్వాతే కంపోజ్ ఫైల్లో 16 అని ఉన్నచోట 14 పెట్టమన్నారు. 16 ఆ ఫైళ్లను చదవనని మొరాయించిందే తప్ప వాటి జోలికి పోలేదు. 14 ఎప్పటిలాగే లేచి కూర్చుంది. ఏజెంట్ పాడైందన్నది అసలు పాడవనేలేదు! "ఇంతకీ 16కు ఎందుకు వెళ్లావు తమ్ముడూ?" అంటే నా దగ్గర జవాబు లేదు.

అక్కడితో పడుకోవచ్చు మీరు. కానీ "5432 పోర్ట్ బయటికి తెరిచి ఉందేంటి?" అన్నారు. బయటి నుంచి డేటాబేస్‌లోకి వచ్చే తలుపు అది. సర్వర్‌కు కాపలా కాసే యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో మూసేశానని వాదించాను కూడా. డాకర్ బయటికి తెరిచిన పోర్టులకు తన సొంత ఐపీటేబుల్స్ (లినక్స్ లోపలి ఫైర్‌వాల్) రూల్స్ రాసుకుంటుందని, యూఎఫ్‌డబ్ల్యూ వాటిని ఆపదని ఓపిగ్గా చెప్పారు. పోర్ట్ నంబరుకు ముందు 127.0.0.1 (అంటే ఈ మెషీన్‌కు మాత్రమే) అని చేర్చగానే మూసుకుంది. ఇన్నాళ్లూ తలుపుకు తాళం వేశాననుకుని గోడకు వేసినట్టున్నాను.

మర్నాడు ఏజెంట్ దగ్గర రూట్ తాళం లాక్కుని, మీ టూల్ పెట్టాను. ఏఐలను టూల్స్‌తో కలపడానికి 2024 నవంబరులో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ద్వారా ఏజెంట్ దానితో మాట్లాడుతుంది. చేయగలిగినవి నాలుగైదు పనులే: యాప్ పెట్టడం, లాగ్ చూడడం, ఆపడం, అప్‌డేట్ చేయడం. అప్‌డేట్ అంటే ముందు డంప్ తీసి, దాని సైజు చూసి, అప్పుడు కదులుతుంది. ఏదైనా తీసేయాలంటే మాత్రం ఏజెంట్ వల్ల కాదు. నేనే కూర్చుని ఆ యాప్ పేరు అక్షరం అక్షరం టైప్ చేయాలి. మొదట్లో చిరాకేసింది, నిజం చెప్తున్నా. ఒక కొత్త యాప్ పెట్టడానికి మునుపటికంటే ఎక్కువ సేపే పడుతోంది. పడనివ్వండి.

మీరు ఆ టూల్‌ను ఉచితంగా పంచుతున్నారు, ఆ రాత్రి రెండింటి దాకా ముక్కూమొహం తెలియని నాతో మేలుకున్నారు. బదులుగా ఏం చేయగలనని అడిగితే, "రీస్టోర్ చేసి చూడు, వస్తే స్క్రీన్‌షాట్ పంపు" అన్నారంతే.

నిన్న ఖాళీ మెషీన్ ఒకదాంట్లో మీ టూల్ తీసిన డంప్ ఎక్కించి చూశాను అన్నయ్యా. ఆల్బమ్‌లు వచ్చాయి, పేర్లు వచ్చాయి, అక్క దిద్దిన తేదీలూ వచ్చాయి. స్క్రీన్‌షాట్ పంపించాను, చూసుకోండి.