వార్షిక నివేదిక 2024-25: చేపల పెంపకంలో ఇంటర్న్‌షిప్‌లు, పనిలో చెడ్డ రోజులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం సమయం, డబ్బు చాలావరకు ఒక్క పనికే పోయాయి. హనుమకొండ, నర్సంపేట, పరకాల చుట్టుపక్కల మత్స్య సహకార సంఘాల కుటుంబాల్లో డిగ్రీ, డిప్లొమా చదివిన పిల్లలకు చేపల పెంపకంలో ఇంటర్న్‌షిప్‌లు వెతికిపెట్టాం. వెతకడం ఒక ఎత్తు, వెళ్లినవాళ్లు మూడో వారంలోనే బ్యాగు సర్దుకొని రాకుండా చూసుకోవడం మరో ఎత్తు. అందుకే నివేదికలో దీనికే ఎక్కువ చోటిచ్చాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు సభలో చదివి వినిపిస్తారు.

అసలు ఈ పని ఎందుకని కిందటి సభలో కొందరు పెద్దలు అడిగారు. "మన పోరగాళ్లకు చేపలు పట్టుడు ఇంకొకళ్లు నేర్పాల్నా?" అన్నారు. పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. పాకాలలో, రామప్పలో, ధర్మసాగర్‌లో వల వేసిన ఇళ్లే మనవన్నీ. వానాకాలం చేప పిల్ల వదిలి, ఎండాకాలం నీళ్లు తగ్గాక పట్టుకోవడం మనకు తాతల నాటి నుంచి తెలుసు. కానీ స్పాన్ (గుడ్డు నుంచి అప్పుడే బయటపడ్డ పిల్ల) తీయడం, దాన్ని ఫ్రై అనే చిన్న పిల్ల దశ దాటించి, ఫింగర్‌లింగ్ (వేలెడంత పిల్ల) దాకా బతికించడం, మేత లెక్క కట్టడం, నీటిని పరీక్షించడం వేరే విద్య. 2016-17 నుంచి ప్రభుత్వం మన చెరువులకు చేప పిల్లలు ఉచితంగా ఇస్తోంది. ఆ పిల్ల చాలావరకు ఆంధ్ర వైపు నుంచి లారీల్లో వస్తుంది. చెరువులు మనవి, పిల్ల మాత్రం బయటిది. ఈ పరిస్థితి మారాలంటే మనవాళ్లు కొందరైనా ఆ పని దగ్గరుండి నేర్చుకోవాలి.

చోటు వెతకడం

పెబ్బేరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్‌సీ (మత్స్యశాస్త్రం డిగ్రీ) చదివేవాళ్లకు చివరి ఏడాదిలో ఫీల్డ్ శిక్షణ చదువులో భాగంగానే ఉంటుంది. మన పిల్లల్లో ఎక్కువమంది బీజడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) డిగ్రీ వాళ్లు. వీళ్లకు ఆ దారి లేదు, ఎవరికి వారే అడుక్కోవాలి. 2024 అక్టోబరులో వచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో కొందరి పేర్లు నమోదు చేయించాం. 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు ఏడాది పాటు నెలకు 5,000 రూపాయలు ఇచ్చేలా అప్పుడు పెట్టిన పథకం అది. పెద్ద కంపెనీల కోసం పెట్టినది కాబట్టి చెరువు గట్టు మీది పని అడిగిన మనవాళ్లకు సరిపడేది దొరకలేదు. దాని మీద గంపెడాశ పెట్టుకోవద్దని ఈ ఏడాది పిల్లలకు ముందే చెప్తున్నాం.

పని దొరికింది మాత్రం కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు హేచరీల్లో (చేప గుడ్లు పొదిగించి పిల్ల తీసే చోట్లు), చెరువుల మీద, నీళ్లూ మట్టీ పరీక్షించే ఆక్వా ల్యాబుల్లో. ఇక్కడ మనకు అర్థమైన మొదటి సంగతి, ఎప్పుడు అడగాలన్నది. బొచ్చె, రవ్వ, మిరిగ గుడ్లు పెట్టేది వానాకాలంలో. జూన్ నుంచి ఆగస్టు దాకా హేచరీలో నేర్చుకునేంత పని ఉంటుంది, నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆ నెలల్లో ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా విసుక్కుంటారు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే మాట్లాడి పెట్టుకోవాలి. రోజులో కూడా వేళ చూడాలి. తెల్లవారుజామున వలలు లాగుతుంటారు, సాయంత్రం తల్లి చేపలకు ఇంజెక్షన్లు వేస్తుంటారు. భోజనాలయ్యాక మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఓ పది నిమిషాలు నిమ్మళంగా మాట్లాడతారు.

రెండో సంగతి బయోడేటాది. నెట్ సెంటర్లో చేయించిన రంగురంగుల బయోడేటాలను ఏ యజమానీ చదవలేదు. వాటి బదులు సంఘం లెటర్‌హెడ్ మీద తెలుగులో ఒక్క పేజీ రాసిచ్చాం. పిల్లవాడికి ఏం వచ్చు, ఎన్నాళ్లు ఉంటాడు, ఈత వచ్చా రాదా, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి, ఇవే అందులో ఉన్నాయి. "మాకు కావల్సింది ఇదేనండి, సర్టిఫికెట్లు మేమేం చేసుకుంటాం?" అన్నారు ఒక పెద్దాయన. అదే పేజీ వెనకవైపు మనం అడగాల్సినవి రాశాం: పడుకునే చోటు, తిండి, నెలకు ఇచ్చేది, రాత్రి డ్యూటీ వారానికి ఎన్నిసార్లు, సెలవు ఎప్పుడు. వీటికి సూటిగా జవాబు చెప్పకుండా నీళ్లు నమిలిన చోట్లకు మనం పంపలేదు.

ఈత సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. చెరువు పక్కనే పుట్టిపెరిగిన మన పిల్లల్లో ఈత రానివాళ్లు ఇంతమంది ఉంటారని నేననుకోలేదు. చదువులు, హాస్టళ్లు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు. ఎండాకాలంలో చెరువు దగ్గర పెద్దలు నిలబడి ఈత నేర్పారు. దాంతోపాటు మరో జాగ్రత్త పదేపదే చెప్పి పంపాం: ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే కరెంటు యంత్రం) ఆడుతున్న చెరువులో దిగాల్సి వస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపించాలి, ఆపిన మనిషి అక్కడే ఉండాలి. కరెంటు, నీళ్లు కలిసిన చోట మొహమాటం పనికిరాదు.

చెడ్డ రోజు, చెడ్డ చోటు

పంపడంతో పని అయిపోతుందని మనలో చాలామంది అనుకున్నారు. అసలు పని అక్కడే మొదలైంది. రెండో వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కూరల్లో కారం నుంచి మాట్లాడే యాస దాకా అన్నీ ఫిర్యాదులే. మన యాస వినగానే నవ్వినవాళ్లు ఉన్నారు. రాత్రంతా నిద్ర లేదని కొందరు, తోటి పనివాళ్లు తాగమని బలవంతపెడుతున్నారని కొందరు. "అన్నా, నాతోని గాదు, రేపు బస్సెక్కుత" అనే మాట ఈ ఏడాది సంఘంలో ఫోన్ పట్టుకున్న ప్రతి ఒక్కరూ విన్నారు.

ఒక అబ్బాయి సంగతి కాస్త వివరంగా చెప్తాను, పేరు అనవసరం. రోజూ తెల్లవారుజామున చెరువు చుట్టూ టార్చి పట్టుకొని తిరగడం అతని పని. చెరువులో పగలు నాచు ఎండకు ఆక్సిజన్ చేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగున బురద అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే సూర్యుడు రాకముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన మర్నాడైతే మరీ తక్కువ. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే బాగున్నట్టు, 3కు దిగితే చేపకు కష్టం. ఆ తెల్లవారుజామున టార్చి వేస్తే గట్టు పొడవునా చేపలు తలలు పైకి పెట్టి నోళ్లు తెరుచుకొని ఉన్నాయట. కరెంటు పోయింది, జనరేటర్లో డీజిల్ లేదు. పరుగెత్తి అందరినీ లేపేసరికే చాలా చేపలు చచ్చి వెల్లకిలా తేలాయి. యజమాని అందరి ముందూ ఈ అబ్బాయినే తిట్టాడు. ఆ రోజంతా చచ్చిన చేపలను తట్టల్లో ఎత్తి, గోతిలో పోసి, సున్నం చల్లి పూడ్చారు. చేతుల వాసన ఎంత కడిగినా పోలేదని, అన్నం ముందు కూర్చొని లేచొచ్చానని రాత్రి ఫోన్లో చెప్పాడు.

ఆ రాత్రి ఫోన్ ఎత్తింది మన సంఘంలో ఒకప్పుడు హేచరీలో పని చేసి వచ్చిన పెద్దమనిషి. ఆయన మొదట సలహా ఏదీ ఇవ్వలేదు. "తిన్నవా బిడ్డా?" అని అడిగి, తినలేదంటే ఏమైనా తిని మళ్లీ చేయమన్నాడు. రెండోసారి చేసినప్పుడు మొత్తం విని, "రెండు రాత్రులు పండు. అప్పటికీ వస్తనంటె నేనే వచ్చి తోలుకపోత, ఎందుకని అడగ" అన్నాడు. ఇదే తర్వాత మన సంఘం పద్ధతి అయిపోయింది: వచ్చేయాలన్న నిర్ణయం రాత్రి పూట తీసుకోవద్దు, రెండు నిద్రలయ్యాక కూడా అదే మాట అంటే మనం ఎదురు చెప్పం.

రెండో రోజు అతనితో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టించాం. జరిగిందంతా వేళలతో సహా రాయమన్నాం. రాస్తుంటే అతనికే తెలిసింది. ముందు రోజు సాయంత్రం మబ్బు ఉంది, అయినా మేత పూర్తిగా వేశారు, జనరేటర్ చూసుకునే మనిషి సెలవులో ఉన్నాడు. తన తప్పు ఎంత, కానిది ఎంత అన్నది కాగితం మీద కనిపించాక తిట్ల బరువు తగ్గింది. తర్వాత రోజు నుంచి మబ్బు కనిపిస్తే మేత తగ్గిద్దామా అని సూపర్‌వైజర్ను తనే అడగడం మొదలుపెట్టాడు. మూడు నెలలు పూర్తిచేసి వచ్చాడు. చెరువు పని మాత్రం తనకు వద్దన్నాడు. ఇప్పుడు నర్సంపేటలో వేరే ఉద్యోగం చూసుకుంటున్నాడు. దాన్ని సంఘం నష్టంగా చూడటం లేదు. పని చూసి వద్దనుకున్నవాడు, చూడకుండానే పారిపోయినవాడు ఒకటి కాదు.

అయితే ప్రతి బాధనూ ఓర్చుకోమని చెప్పే అలవాటు మనకు రాకూడదు. ఒక హేచరీకి పంపిన అమ్మాయికి వెళ్లిన నాటి నుంచీ రిజిస్టర్లు రాయడం, అతిథులకు టీలు ఇవ్వడం తప్ప మరో పని చెప్పలేదు. గుడ్లు పొదిగే సిస్టర్న్ (తొట్టి) దగ్గరికే రానివ్వలేదు. రాత్రి పూట స్పాన్ ప్యాకింగ్ చూస్తానంటే ఆడపిల్లకెందుకన్నారు. మన తరఫున ఇద్దరు వెళ్లి మాట్లాడారు, సరేనన్నారు, ఏమీ మారలేదు. నోటుపుస్తకంలో ఆమెకు రాయడానికే ఏమీ లేకపోయింది. అది చెడ్డ రోజు కాదు, చోటే చెడ్డది. వెంటనే తీసుకొచ్చి ఒక ఆక్వా ల్యాబులో చేర్చాం. అక్కడ పీహెచ్, అమ్మోనియా, ఆక్సిజన్ పరీక్షలన్నీ చేతితో చేసింది. చేప పేనును మైక్రోస్కోపు కింద చూసి ఫొటో తీసి మన గ్రూపులో పెట్టింది. దాన్ని చూసి చాలామంది పెద్దలు రాత్రి భోజనం మానేశారని విన్నాను.

ఒప్పుకున్న డబ్బు ఇవ్వకపోవడం, ఫోన్ తీసేసుకోవడం, రాత్రి పనిచేసి పగలు కూడా నిద్ర లేకుండా చేయడం, లోతు నీళ్లలోకి లైఫ్ జాకెట్ లేకుండా దించడం: ఇవి కనిపిస్తే రెండు నిద్రల లెక్క వర్తించదు, ఆ రోజే వచ్చేయాలి. అలాగే పిల్లలెవరైనా వరసగా తినకుండా, నిద్రపోకుండా, బతకడం దండగ అన్నట్టు మాట్లాడితే దాన్ని పనిలో టెన్షన్ అని కొట్టిపారేయొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి నోటుపుస్తకం అట్ట మీద అతికించాం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి మీరే ఏడిస్తే వాడు అక్కడెట్లా ఉంటాడు? ఒక తల్లి "ఉంటె ఉండు, లేకుంటె లేదు, మనకేం తక్కువ బిడ్డా" అని రోజూ చెప్పి, నెల తిరక్కముందే కొడుకును ఇంటికి రప్పించుకుంది. తిండి ఎట్లుంది అని అడిగాక, ఇయ్యాల ఏం పని చేసినవ్ అని కూడా అడగండి.

వరదల రోజులు

ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలు మనమెవరం మరిచిపోలేం. మహబూబాబాద్ జిల్లాలో చెరువులు తెగాయి. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి విజయవాడ వైపు రైళ్లు ఆగిపోయాయి. అటు విజయవాడలో బుడమేరు వరద. కొల్లేరు దిక్కున ఉన్న మన పిల్లలు ఇటు రాలేక, ఇక్కడ ఇళ్లలో ఏమైందో తెలియక అల్లాడారు. ఫోన్ పట్టుకునే బాధ్యత ఉన్నవాళ్లు రాత్రంతా మేల్కొని ఇక్కడి సమాచారం అక్కడికి, అక్కడిది ఇక్కడికి చెప్పారు. గట్లు తెగకుండా ఇసుక బస్తాలు వేసే పనిలో మన పిల్లలు కొందరు రాత్రీ పగలూ ఉన్నారు. ఆ వారం తర్వాత వాళ్లెవరూ తిరిగొస్తామనలేదు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

తిరిగొచ్చినవాళ్ల వల్ల మనకు కలిగిన లాభం చేప పిల్లలు వదిలిన రోజు కనిపించింది. వానాకాలం చెరువులకు 35-40 మిల్లీమీటర్లు, ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల రావాలి. ఇంతకుముందు లారీ రాగానే నాయకులు సంచి విప్పడం, ఫొటో, చెరువులో కుమ్మరించడం. ఈసారి మన పిల్లలు స్కేలు పట్టుకొని సైజు కొలిచారు, ఒక మగ్గు పిల్లను లెక్కపెట్టి మొత్తం ఎన్ని మగ్గులో చూశారు. ఆక్సిజన్ నింపిన సంచులను మూతి విప్పకుండా పావుగంట సేపు చెరువు నీళ్లలో తేలనిచ్చి, లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే వేడికి వచ్చాక వదిలారు. ఫొటో కోసం వచ్చినవాళ్లకు ఆ పావుగంట నిలబడటం చాలా కష్టమైంది.

ఇతర పనులు

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఉన్న ప్రమాద బీమాలో పేర్లు లేని సభ్యులను గుర్తించి దరఖాస్తులు నింపించాం. మరణానికి, పూర్తి వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000 రూపాయల దాకా వస్తుంది. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే పిల్లలు దీని కిందికి వస్తారని అనుకోవద్దు. వాళ్లకు విడిగా బీమా చేయించే విషయం సభ ముందు పెడుతున్నాం. మృగశిర కార్తె నాడు చేపల అమ్మకం ఎప్పటిలాగే బాగా జరిగింది, కొర్రమట్ట మాత్రం అందరికీ అందలేదు.

వచ్చే సీజన్‌కు ఇంటర్న్‌షిప్ కావాలనుకునే పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండినవారై ఉండాలి. ఆధార్, చదువు కాగితాలతో మే నెలలోపు పేర్లు ఇవ్వాలి. ఈత రానివాళ్లు కూడా ఇవ్వొచ్చు, అయితే ముందు చెరువు దగ్గరికి రావాలి. రాత్రి ఫోన్ బాధ్యత తీసుకోవడానికి ఇప్పుడున్న వాళ్లు చాలడం లేదు. హేచరీలోనో, చెరువు మీదో పని చేసిన అనుభవం ఉండి, తక్కువ మాట్లాడే అలవాటున్న సభ్యులు సభ రోజున కార్యదర్శికి పేర్లు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి