పిల్లల కోసం ఎంపీ ఏం చేశారో ప్రశ్నల సంఖ్య చెప్పదు

సంపాదకులకు,

పార్లమెంటు సమావేశాలు ముగియగానే ఎంపీల పనితీరుకు మీ పత్రికతో సహా పత్రికలన్నీ మార్కులు వేసి పట్టికలు ఇవ్వడం మంచి పనే. కానీ పిల్లల విషయంలో ఎవరేం చేశారో తేల్చడానికి కూడా హాజరు శాతం, ప్రశ్నల సంఖ్య, పాల్గొన్న చర్చల సంఖ్యనే కలిపి ర్యాంకు ఇస్తే లెక్క తప్పుతుంది. చూడాల్సిన కాగితాలు వేరే ఉన్నాయి. అవీ ఉభయ సభల వెబ్‌సైట్లలో ఎవరికైనా దొరికేవే.

లోక్‌సభలో రోజుకు మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 జాబితాకెక్కుతాయి. గుర్తు లేనివాటికి వచ్చేది రాతపూర్వక జవాబే. ఒకే అంశంపై పలువురు సభ్యులు నోటీసులిస్తే సచివాలయం వాటిని ఒకే ప్రశ్నగా కలుపుతుంది. లెక్క దగ్గరకొచ్చేసరికి ప్రతి ఒక్కరి ఖాతాలోనూ ఒకటి పడుతుంది. మంత్రులు ప్రశ్నలు అడగరు, హాజరు పట్టీలో సంతకం పెట్టరు. వాళ్ల పేరు పక్కన సున్నా ఉంటే అది పని ఎగ్గొట్టినట్టు కాదు. చర్చల్లో సమయం పార్టీ బలాన్ని బట్టి పంచుతారు కాబట్టి ఇద్దరు ముగ్గురు సభ్యులున్న పార్టీ ఎంపీని పెద్ద పార్టీ సభ్యుడితో నిమిషాల్లో పోల్చడమూ న్యాయం కాదు.

సంఖ్య వదిలేసి ప్రశ్న చదవండి. ‘పిల్లల సంక్షేమానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?’ అని అడిగితే పథకాల పేర్లతో రెండు పేజీల జవాబు వస్తుంది, అంతటితో సరి. పనికొచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: గత మూడేళ్లలో ఏ రాష్ట్రానికి ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది, మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీ? జవాబులో తేడా కనిపించాక అదే సభ్యుడు తర్వాతి సమావేశాల్లో మళ్లీ దాన్ని పట్టుకున్నారా అన్నది ఇంకా ముఖ్యం.

వెతకడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. మహిళా శిశు అభివృద్ధి శాఖ జవాబులు మాత్రమే తిరగేసి ‘పిల్లల ప్రశ్నలు ఇన్ని’ అని తేల్చేస్తున్నారు. బాల కార్మికుల విషయం కార్మిక శాఖది, బడులు విద్యాశాఖవి, టీకాలు ఆరోగ్య శాఖవి, ఏకలవ్య పాఠశాలలు గిరిజన వ్యవహారాల శాఖవి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల కోసం 2019లో మొదలైన ఫాస్ట్‌ట్రాక్ ప్రత్యేక కోర్టుల పథకం న్యాయశాఖ చేతిలో ఉంది. ఇవన్నీ కలపకపోతే బాగా పనిచేసినవారే వెనకబడినట్టు కనిపిస్తారు.

ఇక ఓటు. ‘ఫలానా బిల్లుకు ఎవరు ఓటేశారు’ అన్న పట్టిక అమెరికాలో సాధ్యం. ఇక్కడ ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే సభ్యులు అవును, కాదు అని గొంతెత్తి చెప్పడంతోనే గట్టెక్కుతాయి. సభ్యులెవరైనా డివిజన్ కోరి, ఓట్లు విడివిడిగా నమోదైతేనే పేర్లు దొరుకుతాయి. 16–18 ఏళ్లవారిని ఘోర నేరాల్లో పెద్దలతో సమానంగా విచారించే వీలు కల్పించిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ బిల్లును రాజ్యసభ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. పేర్లు దొరికిన చోట కూడా విప్, అంటే ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం ఉంటుంది. ధిక్కరిస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) కింద సభ్యత్వానికే ముప్పు. అందుకని ఓటు కంటే, క్లాజులవారీ పరిశీలనలో సభ్యుడు ప్రతిపాదించిన సవరణే అసలు సాక్ష్యం అంటాం.

2016 నాటి బాల కార్మిక సవరణ చట్టాన్నే తీసుకోండి. 14 ఏళ్లలోపు పిల్లలు ఏ పనీ చేయకూడదంటూనే, బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తుల్లో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చింది. 83 ప్రమాదకర పనులు, ప్రక్రియల జాబితాను మూడు పద్దులకు కుదించింది. ఆ చర్చలో బాల్యం గురించి ఎవరు ఉద్వేగంగా మాట్లాడారన్నది కాదు లెక్క. మినహాయింపు మీద, జాబితా కుదింపు మీద ఎవరు సవరణలు తెచ్చారు? ఆ రోజు కార్యకలాపాల ప్రతిలో అవి పేర్లతో సహా ఉంటాయి.

బిల్లులను, శాఖల పద్దులను పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాలను పత్రికలు దాదాపు పట్టించుకోవు. పిల్లల బిల్లులు, పద్దులు ఎక్కువగా వెళ్లే సంఘంలో 31 మంది ఉంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. సమావేశాలు తలుపులు మూసి జరిగినా, నివేదిక చివర మినిట్స్‌లో ఏ రోజు ఎవరు హాజరయ్యారో ఉంటుంది. ఒప్పుకోనివారి అసమ్మతి పత్రమూ అక్కడే జతచేస్తారు. మా దృష్టిలో పిల్లల అంశంపై ఒక్క వివరమైన అసమ్మతి పత్రం యాభై గుర్తు లేని ప్రశ్నలకు సాటి.

ప్రైవేటు సభ్యుల బిల్లులకు, అంటే మంత్రులు కాని సభ్యులు తెచ్చేవాటికి ఎక్కువ మార్కులు వద్దు. 1952 నుంచి ఇప్పటిదాకా చట్టమైనవి పద్నాలుగే, 1970 తర్వాత ఒక్కటీ లేదు. పైగా ఖజానా నుంచి ఖర్చు అవసరమయ్యే బిల్లు ఆమోదం పొందాలంటే 117(3) అధికరణ ప్రకారం రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి. దాని కోసం ప్రయత్నించకుండా బిల్లు ప్రవేశపెట్టి ఫొటో దిగినవారికీ, బిల్లు పాఠాన్ని కష్టపడి రాసినవారికీ మీ పట్టికలో ఒకే మార్కు పడుతోంది. ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల స్థానిక అభివృద్ధి) నిధులతో కట్టిన తరగతి గదులను కూడా ఈ ఖాతాలో వేయకండి. అది మంచి పనే, చట్టసభలో చేసే పని కాదు.

హామీల సంగతి మరో పెద్ద ఖాళీ. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అని మంత్రి అంటే అది హామీగా నమోదవుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. ఎవరి ప్రశ్నపై వచ్చిన హామీ ఎన్నాళ్లు పెండింగులో ఉంది, ఆ సభ్యుడు మళ్లీ అడిగారా అన్నది హామీల సంఘం నివేదికలతో పోల్చి చూడొచ్చు. అలాగే బడ్జెట్‌తో పాటు వచ్చే 12వ నంబరు ప్రకటనలో పిల్లల కేటాయింపులన్నీ ఒకచోట ఉంటాయి. అంచనాకూ, సవరించిన అంచనాకూ మధ్య కోత పడిన పద్దును ఎత్తిచూపిన సభ్యులు ఎందరు? మహిళా శిశు శాఖ పద్దు చర్చ లేకుండా గిలటిన్‌లో (మిగిలిన పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టడంలో) పోయిన ఏడాది ఎంపీలను తప్పుపట్టలేం, కానీ అసంతృప్తిని చెప్పడానికి పద్దులో నామమాత్రంగా 100 రూపాయలు తగ్గించాలని కోరే కోత తీర్మానానికి నోటీసైనా ఇచ్చారా అని అడగొచ్చు.

ఎమ్మెల్యేలను వేరే కొలతతో చూడాలి. అంగన్‌వాడీ ఖాళీలు, శిశు సంక్షేమ కమిటీల నియామకాలు, 2006 చట్టం కింద బాల్య వివాహ నిషేధ అధికారుల నియామకం రాష్ట్రాల బాధ్యత. ఇవి ఎంపీని నిలదీసే అంశాలు కావు. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ వార్షిక నివేదికను, తీసుకున్న చర్యల వివరంతో శాసనసభ ముందు పెట్టాలని 2005 చట్టం చెబుతోంది. పెట్టారా, పెడితే ఎవరు చర్చ కోరారు అన్న ఒక్క ప్రశ్నతో మీ విలేకరులు మొదలుపెట్టవచ్చు.

వచ్చేసారి ర్యాంకు బదులు ప్రతి సభ్యుడి పేరు కింద రెండు మూడు అంశాలే ఇచ్చినా చాలు: తెచ్చిన సవరణ, హాజరైన సంఘ సమావేశాలు, వెంటపడిన హామీ. పక్కన ప్రశ్న సంఖ్య, తేదీ, నివేదిక సంఖ్య వేస్తే మిగతాది పాఠకులే తెరిచి చదువుకుంటారు.

— చట్టసభల పనితీరును గమనించే కొందరు పాఠకులు