రెండో తాళం ఎవరి దగ్గర?

సంపాదకుల వారికి,

బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, చాలాకాలం క్యాష్‌లోనే. స్ట్రాంగ్‌రూముకి రెండు తాళాలు. ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరుగారి దగ్గర. ఒకసారి ఆయన తమ్ముడి పెళ్లికి వెళ్తూ తన తాళం కూడా నా చేతిలో పెట్టబోయారు. వద్దన్నాను. పక్క బ్రాంచి నుంచి ఆఫీసరు వచ్చేసరికి ఆయన బస్సు తప్పింది. చాన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి రాత్రిళ్లు ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి, అంటే ఎవరైనా కోడ్ చూసి ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్‌కి, కోడ్ పంపుతుంటుంది. ఏడాదిన్నరపాటు పాతవాళ్లు చూశాకే అది చేరేది. మొన్న సంక్రాంతికి కమిట్ యాక్సెస్ ఇచ్చారు, ఇక తనే చేర్చుకోవచ్చు. "మొహమైనా చూడకుండా ఎలా ఇచ్చారే?" అన్నాను. "పని చూశారు నాన్నా" అంది. ఆ మాటల్లోనే ఎక్స్‌జెడ్ సంగతి వచ్చింది.

ఫైళ్లను కుదించే చిన్న సాధనమది, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే యంత్రాల్లో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఫిన్లాండ్‌లో ఒకాయన ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకునేవారు. 2021లో జియా టాన్ పేరుతో ఎవరో వచ్చి బుద్ధిగా పనిచేయసాగారు. 2022లో ముక్కూమొహం తెలియని మరికొందరు, పని నత్తనడకన సాగుతోంది, ఇంకొకరికి అప్పగించమంటూ ఆ ఫిన్లాండ్ ఆయన్ని సతాయించారు. మనసు బాగాలేదని చెప్పుకున్నా వదల్లేదు. చివరికి ఆ జియా టాన్‌కే పెత్తనం దక్కింది. 2024 ఫిబ్రవరిలో విడుదలైన వెర్షన్‌లో, ఇతరుల యంత్రాల్లోకి గుట్టుగా చొరబడేందుకు దొంగదారి పెట్టాడు. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని బయటపెట్టారు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని కూపీ లాగారట! రూపాయి తేడాకి మమ్మల్ని రాత్రి తొమ్మిదిదాకా కూర్చోబెట్టిన అకౌంటెంటుగారు గుర్తొచ్చారు నాకు.

ఆ ఫిన్లాండ్ ఆయన తేలిగ్గా నమ్మేశాడని అనేవాళ్లున్నారు. అన్యాయం. ఏడాదికి పైగా ఒళ్లొంచి పనిచేసినవాణ్ని కాక ఎవర్ని నమ్ముతాం? లైనక్స్‌తో తయారయ్యే డెబియన్ అనే మరో ఉచిత ప్రాజెక్టులో అయితే, కొత్తగా చేరేవాళ్లకి పాత సభ్యుడెవరో గుర్తింపు కార్డు చూసి, డిజిటల్ సంతకంతో పూచీ పడాలట, మా రోజుల్లో ఖాతా తెరవడానికి పరిచయ సంతకంలా. మంచిదే. కానీ పరిచయ సంతకాలున్న ఖాతాల్లోనూ మోసాలు చూశాను. ఎక్స్‌జెడ్‌లో రెండో తాళం పట్టుకునే మనిషే లేడు.

ఇలాంటి ఉచిత కోడ్‌తో వ్యాపారం చేసే మన హైదరాబాద్ కంపెనీలు వారానికి ఒక పూట, జీతంతోనే, తమవాళ్లను ఈ ప్రాజెక్టుల్లో పక్కవాళ్ల కోడ్ తనిఖీకి వదలాలి. మా అమ్మాయి ఆ పని రాత్రి పదకొండు దాటాక మొదలుపెడుతోంది. పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం