బూడిదరంగు హంస

తిరుపతి,
ఆదివారం పొద్దున

చిట్టితల్లీ,

"పదిరోజులైంది నాయనా, ఒక్క బొమ్మా గీయలేదు, ఊరికే కూర్చోనుండా" అని నిన్న ఫోన్లో అన్నావు. నాకప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. రాత్రి నిద్ర పట్టక కాగితం తీసినా.

శ్రీకాళహస్తిలో మీ తాత కలంకారీకి నల్లరంగు ఊరబెట్టేది నువ్వు చూళ్ళేదు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేవాడు. ఇరవై రోజుల దాకా ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. నాకు పదారేళ్ళప్పుడు, ఎనిమిదో రోజే దొంగతనంగా వెదురు కలం ముంచి హంసను గీసినా. గీసినప్పుడు బాగానే ఉండింది. స్వర్ణముఖిలో జాడిస్తే బూడిదరంగుకు తిరిగింది. తాత తిట్టలేదు. దాన్ని తెచ్చి గోడకు తగిలించినాడు. అంతకన్నా తిట్టు ఏముంటుంది!

కుండ ఒక్కటే ఊరితే చాలదమ్మా. గుడ్డను కూడా కరక్కాయ కలిపిన ఎనుము పాలల్లో తడిపి ఆరబెట్టాల. పాలు రంగును పాకనీయవు. కరక్కాయ ఒగరూ, కుండలో ఇనుమూ గుడ్డ మీద కలిసినప్పుడే అసలు నలుపు పుడుతుంది. అట్లని ఊరికే పెట్టినవన్నీ ఊరతాయా? బెల్లం వేయకపోతే అవి ఉత్త తుప్పునీళ్ళే.

పోయిన నెల కొండకు పోయినా కదా, సర్వదర్శనం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చోబెట్టినారు. ఫోను కిందనే ఇచ్చేసినా, వాచీ మాత్రం ఉండింది. మొదటి గంటలో ఇరవైసార్లు చూసుంటా, ముల్లు కదిలితే ఒట్టు. ముందు వరసలో ఒక పసిబిడ్డ వాళ్ళ నాయన గుండు మీది చందనంలో వేలితో గీతలు గీస్తా ఉండాది. ఒక వంకర గీత, దాని పక్కన ఇంకోటి, అరచేత్తో చెరిపేయడం, మళ్ళీ మొదలు. ఆయన కునికిపాట్లు పడతా ఉన్నాడు. నేను దాన్నే చూస్తా కూర్చున్నా. "గోవిందా" అని జనం లేస్తే ఉలిక్కిపడి వాచీ చూసుకున్నా. మూడు గంటలు ఎట్ల పోయినాయో!

ఆ వంకర గీతలే ఇప్పుడు ఒక చీర అంచుకు వేస్తా ఉండా. మీ అమ్మ పాములంటాది, నేను తీగలంటా.

పది రోజులూ కూర్చోని ఏం చూసినావో రాయి. బొమ్మ సంగతి అడగను. ఇక్కడ మన కుండకు ఈ రోజు పద్నాలుగో రోజు, మూత దగ్గర పుల్లటి వాసన మొదలైంది.

మీ నాయన