బురుజు దగ్గరికి వెళ్లే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెలలో తొమ్మిదో తరగతి పిల్లల్ని సిద్దిపేట జిల్లా వీరబైరాన్‌పల్లికి తీసుకెళ్తున్నాం. ముందు పంపిన కాగితంలో ‘వన్‌డే టూర్’ అని రాశాం. ఆ మాట తప్పు, మనం వెళ్లేది ఒకప్పుడు జనాన్ని కాల్చి చంపిన చోటికి. అందుకే ఈ ఉత్తరం.

పోయినేడాది ఒక స్మారక స్తూపం దగ్గర మన పిల్లలిద్దరు గద్దె ఎక్కి రీల్ తీసుకున్నారు. అక్కడున్న ఒక పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. చెప్పులు విడిచి వెళ్లి, గద్దె మీద పడేసిన చిప్స్ ప్యాకెట్ తీసుకొచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లల్ని తిట్టలేకపోయాను. అది ఎలాంటి చోటో మేం వాళ్లకు ముందుగా చెప్పనే లేదు.

బైరాన్‌పల్లి జనం ఊరి బురుజు మీద కాపలా పెట్టుకుని, నిజాం పాలనకు అండగా ఆయుధాలు పట్టిన రజాకార్లను అంతకుముందే తిప్పికొట్టారు. ఆ కసితో 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఊరిని చుట్టుముట్టాయి. దొరికినవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఒక్క రోజులో 90 మందికి పైగా పోయారు. సరిగ్గా 21 రోజులకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

ఆ బురుజు ఇంకా నిలబడే ఉంది. దాని చుట్టూ ఉన్నది మ్యూజియం కాదు, ఊరు. చనిపోయినవాళ్ల మనవలు, మునిమనవలు అక్కడే బతుకుతున్నారు. మనం పరామర్శకు వెళ్తే గట్టిగా మాట్లాడం, నవ్వుకోం, వచ్చేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అని కూడా అనం. ఈ మర్యాద మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. అక్కడా అలాగే మెలగమని పిల్లలకు మీరూ చెప్పండి.

ఫోన్లు ఇంట్లోనే ఉంచండి. యూనిఫాం చాలు. బురుజు ఎక్కనివ్వం. భోజనాలు ఊరు దాటాకే. తలా నాలుగు బంతిపూలు పంపితే, చనిపోయినవాళ్ల గుర్తుగా అక్కడున్న స్తూపం దగ్గర పిల్లలు పెడతారు. ఫొటోలు వద్దని కాదు, ఊరి పెద్దలు సరేనంటే టీచర్లు ఒకటి రెండు తీస్తారు.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో తాతమ్మో, ముత్తాతో ఉంటే, వెళ్లే ముందురోజు సాయంత్రం పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. రజాకార్ల కాలంలో చీకటి పడితే ఊళ్లు ఎలా ఉండేవో అడగనివ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు